తెల్లారగట్ట మొరాయించే బోర్డు

బోర్డు రిపేరయ్యాక చాలామంది చూసేది టంకం మెరుపు. చుక్క తళతళలాడితే పని బాగా కుదిరినట్టే లెక్క. నా చూపు మాత్రం ఆ చుక్క చుట్టూ ఉన్న జాగా మీదికి పోతుంది. నా బల్ల మీదికి వచ్చే తిరకాసు బోర్డుల్లో చాలావాటి రోగం అక్కడే ఉంటుంది.

ఆమధ్య భీమవరం వైపు నుంచి ఒక రైతు రొయ్యల చెరువు ఏరేటర్లను నడిపే కంట్రోలర్ బోర్డు పట్టుకొచ్చారు. "పగలంతా బానే ఉంటుందండి. తెల్లారగట్ట మాత్రం ఆడదండి, నేనే వెళ్ళి చేత్తో స్విచ్చి వెయ్యాలి" అన్నారు. చెరువు నీళ్ళలో ప్రాణవాయువు అడుగంటేది సరిగ్గా ఆ వేళకే. రాత్రంతా నాచూ రొయ్యలూ కలిసి వాడేసుకుంటాయి, ఎండ వస్తేగానీ నాచు మళ్ళీ తయారుచేయదు. ఏరేటరు తిరిగి తీరాల్సిన గంటలోనే ఇది మొండికేస్తోందన్నమాట.

మల్టీమీటరు పెడితే అన్నీ సవ్యంగానే చూపించింది. సెన్సర్ నుంచి చిప్పుకు వెళ్ళే దారిలో ఎవరో అంతకుముందు మళ్ళీ టంకం వేసిన గుర్తు, దాని చుట్టూ జిగటగా గోధుమరంగు పేస్టు ఉన్నాయి. దాని మీద నోటితో "హా" అని ఊదాను. అప్పటిదాకా ఓపెన్ అని చూపిస్తున్న మీటరు మెగా ఓముల్లోకి దిగింది. ఆవిరి ఆరగానే మళ్ళీ పైకెక్కింది. ఆ దారికి 5 వోల్టులు అందేది 1 మెగా ఓమ్ రెసిస్టరు గుండా. అక్కణ్ణుంచి గ్రౌండుకు ఇంకో మెగా ఓమ్ లీకేజీ పుడితే చిప్పుకు దక్కేది రెండున్నర వోల్టులే. అది ఒకటో సున్నానో దానికి తేలదు. గట్టు మీద మంచు చేసే పనే నా ఊపిరీ చేసింది.

ఇంతకీ అలాంటి పేస్టు ఎందుకు వాడతారంటే, గాలి తగిలితే రాగి మీద ఎర్రటి గోధుమ పొర కడుతుంది, గట్టిగా వేడెక్కితే నల్లబడుతుంది. ఆ ఆక్సైడు మీద టంకం అంటదు. 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం కలిసిన తీగ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది గానీ, కరగడం వేరు, అతకడం వేరు. ఆ పొరను తొలగించేది ఫ్లక్సు. తీగ లోపలుండే రోజిన్ పైన్ చెట్టు బంక నుంచి వచ్చేదే. వేడిలో ఆమ్లంగా పనిచేసి, చల్లారాక గాజులా బిగుసుకుని ఊరుకుంటుంది. డబ్బాల్లో దొరికే పేస్టులన్నీ అంత బుద్ధిమంతులు కావు. కొన్నింట్లో జింక్ క్లోరైడు, నవసారం లాంటి లవణాలుంటాయి. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్ళు వాడేదీ నవసారమే, కాకపోతే పని అయ్యాక గిన్నె నీళ్ళలో పడుతుంది. బోర్డును ఎవరూ కడగరు. లవణం అక్కడే ఉండి తేమను పిలుస్తుంది, రాగిని తింటుంది. క్లోరైడు ఖర్చయిపోదు, మళ్ళీ మళ్ళీ అదే పనికి దిగుతుంది.

ఆకుపచ్చ కనబడితే చాలు, చిలుమని కంగారుపడేవాళ్ళూ ఉన్నారు. రోజిన్‌లోని ఆమ్లం రాగితో కలిసినా ఆకుపచ్చ రంగే వస్తుంది. గాజు పొరలో ఇరుక్కున్నంతవరకూ దానితో గొడవ లేదు. పొడిపొడిగా రాలుతూ, వానాకాలంలో పెరిగే రకంతోనే పేచీ.

ఇక కడగడం. అరకొరగా కడగడం కంటే కడగకపోవడమే నయం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో ఒకసారి రాస్తే రోజిన్ సగం కరిగి, అది బంధించి ఉంచినవి బయటపడి, ఆరాక తెల్లటి మరకగా పరుచుకుంటాయి. ధారాళంగా పోసి, బ్రష్షుతో రుద్ది, తడి ఆరకముందే తాజా ఆల్కహాల్‌తో ఇంకోసారి కడగాలి. లవణాల పేస్టు దానికొక్కదానికే లొంగదు, డిస్టిల్డ్ వాటర్ కూడా పట్టించి బాగా ఆరబెట్టాలి. కొవిడ్ నాటి శానిటైజర్ సీసాలు ఇంకా కొన్ని బల్లల మీద కనిపిస్తున్నాయి. దయచేసి వాటి జోలికి పోకండి, చేతులు పొడిబారకుండా అందులో గ్లిసరిన్ కలుపుతారు, అది తేమను పట్టి ఉంచే సరుకు. ఆ ఏరేటర్ బోర్డులో నేను ఏ పార్టూ మార్చలేదు. కడిగి, ఆరబెట్టి, పైన కోటింగ్ వేశాను. కడగకుండా కోటింగ్ వేసుంటే అడుగున తినడం సాగుతూనే ఉండేది.

ఫ్యాక్టరీల్లో ఇదే జబ్బు టెస్టింగ్ దగ్గర ఇంకో వేషంలో వస్తుంది. స్ప్రింగు పిన్నులు నిలబెట్టిన ఫిక్చర్ మీద బోర్డును నొక్కి కొలుస్తారు. ప్యాడ్ మీద ఫ్లక్సు పొర ఉంటే పిన్ను లోహాన్ని తాకదు, మంచి బోర్డు ఫెయిలవుతుంది. రాగిని కాపాడేందుకు పూసే ఓఎస్‌పీ పొర మందం మామూలుగా అర మైక్రాన్‌కు మించదు. ఒకటి రెండుసార్లు టంకం కరిగించే ఓవెన్‌లోకి వెళ్ళొచ్చేసరికి అది నీరసపడి కింద రాగి కమిలిపోతుంది. అందుకే అనుభవమున్నవాళ్ళు టెస్ట్ ప్యాడ్ల మీద కూడా సోల్డర్ పేస్టు ప్రింట్ చేయిస్తారు. లేనిచోట ఆపరేటరు ఇంకోసారి గట్టిగా నొక్కుతాడు, లైటు వెలుగుతుంది, లెక్కలో పాస్. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ప్యాడ్ మురికిగా ఉన్నా, పిన్ను కొసకు ఫ్లక్సు పేరుకున్నా, పగిలిన అతుకు ఒత్తిడికి కలుస్తున్నా బయటికి కనిపించే లక్షణం ఒక్కటే. మొదటి రెండూ బ్రష్షుతో పోతాయి, మూడోది కొన్నవాళ్ళ ఇంట్లో బయటపడుతుంది. రెండో నొక్కుకు పాసైనవాటిని విడిగా ఒక ట్రేలో పెట్టించి, పిన్నులూ ప్యాడ్లూ తుడిచి మళ్ళీ కొలిచాకే అట్టపెట్టెలోకి పంపించమంటాను. సూపర్‌వైజర్లకు ఈ మాట నచ్చదు, రోజు లెక్క తగ్గుతుంది కదా.