కొత్త గోడకు తొలి మేకు

కొత్త ఇల్లు చూడబోయినవాళ్లం చాలామందిమి ధర దగ్గరే మొదలుపెడతాం. మొత్తం ఎంతయింది, ఇనుము టన్ను ఎంతకు దొరికింది, మేస్త్రీకి అడుగుకెంత ఇచ్చారు, టైల్స్ ఎక్కడ తెచ్చారు. అడగాల్సినవే. చెప్పేవాళ్లకూ ఆ లెక్కల్లో ఒక సంబరం ఉంటుంది. కాని లెక్క ముగిశాక కూడా కళ్లకు ఇంకా పని మిగిలే ఉంటుంది. అప్పటికి టీ వస్తుంది, తాగి లేచిపోతాం.

త్రిపురారంలో మా అన్న బిడ్డ ఇల్లు కట్టుకుంది. పెళ్లయినప్పటి నుంచి మిర్యాలగూడలో కిరాయి కాపురం. అల్లుడికి అక్కడ రైస్ మిల్లులో పని. త్రిపురారంలో అత్తగారి పాత పెంకుటిల్లు కూలిన జాగా ఉండడంతో ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఈ పథకంలో సొంత జాగా ఉన్నవాళ్లకు 5 లక్షలు ఇస్తారు. ఒక్కసారి ఇవ్వరు. బేస్‌మెంట్ లేచాక కొంత, గోడలు లేచాక కొంత, స్లాబు పడ్డాక కొంత, అంతా అయ్యాక మిగతాది. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. నాలుగు విడతలు, ముందే ఖాయమైన కొలత. పద్యం కట్టేవాడికి ఇది తెలియని నిర్బంధం కాదు. నాలుగు పాదాల్లోనే చెప్పాలి, గణం మిగిలినా తప్పే, తగ్గినా తప్పే. ఈ ఇంట్లో ఊరికే పడి ఉన్న మూల ఒక్కటి కనిపించదు. తలుపు వెనక చుట్టిన చాప, మంచం కింద బియ్యం డబ్బా, సజ్జ మీద పెళ్లినాటి ఇత్తడి గుండిగ. ఒక్క వస్తువు కూడా వ్యర్థపదం కాదు.

స్లాబు పోసిన మర్నాడు నేను మీదికి ఎక్కి చూశాను. మేస్త్రీ అప్పటికే ఇసుక, సిమెంటు కలిపి బెత్తెడు కూడా ఎత్తు లేని గట్లు పోయించి, స్లాబునంతా మళ్లుగా చేసి నీళ్లు నింపించాడు. చుట్టూ చూస్తే త్రిపురారం పొలాలు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే నేల ఇది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. మెట్ట పంటల ఊళ్లు వరి ఊళ్లయింది ఆ తర్వాతే. కింద నాటు వేసిన మళ్లు, మీద సిమెంటు మళ్లు. రెంటికీ రైతు కన్ను ఒకటే: గట్టు ఎక్కడా తెగొద్దు, నీరు ఆరొద్దు. అల్లుడు పొద్దున్నే గట్ల వెంట నడుస్తూ కాలి వేలితో తడి చూసుకుంటుంటే, తాత తండ్రులు పొలం మీద నడిచిన నడకే అది. ఎండితే సిమెంటు గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నీళ్లతో కలిసి, ఆ నీటిని తనలో కట్టేసుకుని గట్టిపడుతుంది. మామూలు సిమెంటయితే కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ వంటివి కలిసిన సిమెంటయితే కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. ఆ సిమెంటూ ఎక్కడిదో కాదు. కృష్ణ ఒడ్డున వాడపల్లి నుంచి హుజూర్‌నగర్, మేళ్లచెరువు దాకా నేల కింద సున్నపురాయే, నేల మీద ఫ్యాక్టరీలే. ఈ నేల రాయి ఈ నేల నీళ్లు తాగుతుంటే వినగలిగినంత దగ్గరగా కూర్చున్నాను. చిన్న చిన్న బుడగలు లేచి పగులుతున్నాయి. ఆ మధ్యాహ్నం కింద ఇంట్లో ఎవరికీ నాతో పని పడలేదు, అదృష్టం.

ఇక దర్వాజ. ఈ ఇంటిని చూడడం ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని నా పట్టుదల. విడతల లెక్కలో దర్వాజకు విడిగా పద్దు లేదు. కాని మా వైపు గోడల కంటే ముందు లేచేది అదే. ముహూర్తం చూసి, వడ్లాయనకు బట్టలు పెట్టి, చౌకట్టుకు పసుపు పూసి, మామిడాకులు కట్టి, నవధాన్యాల మూట వేసి నిలబెడతారు. చుట్టూ గోడ లేకుండా ఖాళీ జాగాలో ఒక్క దర్వాజ నిలబడి ఉన్న ఆ కొద్ది రోజుల దృశ్యం చూడకుండా ఇల్లు చూశామనడం దండగ. ఎటునుంచైనా లోపలికి పోవచ్చు, అడ్డేమీ లేదు. అయినా కూలీలతో సహా అందరూ ఆ దర్వాజలోంచే వచ్చి పోతున్నారు. లోపల, బయట అనేవి గోడలు రాకముందే పుట్టాయి.

డబ్బు చాలదని బీరువా వద్దనుకున్నారు, కాని ముందు దర్వాజకు టేకే. పై కమ్మి నడుమ వడ్లాయన పద్మంలో లక్ష్మిని, రెండు పక్కలా రెండు ఏనుగులను చెక్కాడు. ఏనుగుల కాళ్లు కొంచెం పొట్టివయ్యాయి, తొండాలు మాత్రం మహా ఠీవిగా ఉన్నాయి. సూర్యాపేట దగ్గర పిల్లలమర్రిలో 1208లో బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ కట్టించిన ఎరకేశ్వరాలయం ఉంది. అట్లాంటి కాకతీయుల నాటి గుళ్ల ద్వారాల మీద ఇట్లా గజలక్ష్మి కొలువుండడం మామూలు. ఆ శిల్పుల దగ్గర నల్లరాయి అద్దమయ్యేది. మా వడ్లాయన దగ్గర అంత నైపుణ్యం లేదు, అంత సమయమూ లేదు. రౌటర్ మిషన్ గీసిన అంచులు ఉలితో సరిచేసుకుంటూ పోయాడు. అయినా ఎనిమిది వందల ఏళ్లుగా ఆ తల్లి కూర్చునే చోటు మారలేదు, ఏనుగులు నీళ్లు పోయడం ఆపలేదు.

దర్వాజకు కింది కమ్మి కడప. శుక్రవారం పొద్దున బిడ్డ దానికి పసుపు రాస్తుంటే పక్కనే పీట వేసుకుని చూశాను. చిన్న గిన్నెలో పసుపు, చారెడు నీళ్లు. చిక్కగా కలిపితే పెచ్చులు లేస్తుంది, పల్చగా అయితే కట్టె తాగేస్తుంది. మూడు వేళ్లతో ఎడమ నుంచి కుడికి ఒకే లాగుడు. మొదటి పూత కనిపించకుండా పోయింది, టేకు నారల్లోకి దిగిపోయింది. రెండో పూత నిలిచింది. దాని మీద కుంకుమ బొట్లు, బొట్టుకు బొట్టుకు నడుమ బియ్యప్పిండి గీతలు. అత్తమ్మ అక్కడే నిలబడి, "జర మందం రాయి బిడ్డా, కొత్త కట్టె ఇంకా దాహం మీదుంది" అన్నది. మళ్లీ శుక్రవారం నాటికి నడిచిన కాళ్లకు గీతలు చెరిగిపోతాయి, మళ్లీ వేస్తుంది. ఇంట్లో తక్కినవన్నీ ఒకసారి చేసి వదిలేసినవి. ఇదొక్కటే వారం వారం కొత్తగా రచన అవుతుంది. కనుక ఈ ఇంటికి కర్త మేస్త్రీనా, వడ్లాయనా, ఈమెనా అని నన్నడిగితే తడుముకోకుండా ఈమె పేరే చెబుతాను.

గృహప్రవేశం నాడు ముందు ఆవును తెచ్చారు. మెట్ల దాకా బాగానే వచ్చింది. టైల్స్ నునుపు చూసి కాలు పెట్టనంది. గోనె సంచులు తెచ్చి పరిచారు. అప్పుడు పెద్దమనిషి నడకతో వచ్చి, హాలు నడుమ నిలబడి, అందరినీ ఒకసారి చూసి, చేయాల్సింది చేసింది. పిల్లలు నవ్వారు, అయ్యగారు శుభమన్నారు. భరతుడు నాట్యశాస్త్రంలో కొత్తగా కట్టిన నాట్యగృహంలో ప్రదర్శనకు ముందు ఏడు రోజులు ఆవులు, జపం చేసే విప్రులు నివసించాలని చెప్పాడు. కొలిచేటప్పుడు సూత్రం తెగితే యజమానికి కీడన్నాడు. నాటకశాలకూ మనిషి ఇంటికీ నాకు తేడా కనిపించలేదు. రెండూ మనుషులు తమను తాము ఆడుకునే చోట్లే గదా! పొయ్యి మీద పాలు పొంగినప్పుడు ఆడవాళ్లంతా ఒక్కసారి "పొంగినయ్, పొంగినయ్" అన్నారు. ఖాళీ గదులు ఆ మాటను తిరిగి పలికాయి. సామాను వచ్చిందాకానే ఆ ప్రతిధ్వని. మూడు మంచాలు, రెండు బట్టల మూటలు చేరగానే పోయింది.

నా మనసు అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్నది మాత్రం ఒక మేకు. కిరాయి ఇళ్లలో ఓనర్లు పెట్టే మొదటి షరతు గోడకు మేకు కొట్టొద్దని. అందుకని అన్నేళ్లూ వాళ్ల క్యాలెండర్ కిటికీ చువ్వకే వేలాడింది, పెళ్లి ఫోటో అల్మారా మీద గోడకు ఆనుకుని కూర్చుంది. సొంతింటికి వచ్చాక రోజులు గడుస్తున్నా క్యాలెండర్ కిటికీకే ఉంది.

"ఏందే, మన గోడనే గద, కొట్టు" అన్నాడు అల్లుడు.

"మన గోడ గనుకనే కొట్టబుద్ధయితలేదు" అన్నది బిడ్డ.

గిలాబు మీద రెండు చేతుల పుట్టీ, దాని మీద రంగు. చెయ్యి వేసి జరిపితే ఎక్కడా గరుకు తగలదు. ఆ గోడను ఆమె రోజూ గుడ్డతో తుడవడం చూశాను. చివరికి ఒక ఆదివారం ఆమే సుత్తె తీసింది. అల్లుడిని క్యాలెండర్ పట్టుకుని నిలబడమని, తాను కడప దాకా వెనక్కి పోయి చూసింది. "ఇంక జర మీదికి. కుడికి. అంత కుడికి కాదు. ఆఁ, ఈడ." పెన్సిల్‌తో చుక్క పెట్టింది. మేకు ఆనించింది. మొదటి దెబ్బ మేకుకు తగల్లేదు. రెండోదానికి దిగింది, అర్ధరూపాయి బిళ్లంత పెచ్చు ఊడి పడింది. ఆమె నాలుక కరుచుకుని, వంగి ఆ పెచ్చు తీసి అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసింది. లోపల బూడిదరంగు సిమెంటు, పైన తెల్లటి పుట్టీ, ఆ పైన వెంట్రుకవాసి రంగు. ఇంటి కథంతా ఆ బిళ్లలో పొరలు పొరలుగా ఉంది. కిరాణా కొట్టువాళ్లిచ్చిన వేంకటేశ్వరస్వామి వచ్చి ఆ గుంట మీద నిలిచాడు. అరగంటలో పెళ్లి ఫోటోకు మరో మేకు, తాళాలకు ఇంకొకటి, పిల్లవాడి బడి సంచికి ఇంకొకటి. చేతికి భయం తీరిపోయింది.

ఆ తర్వాత ఆమె చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంది, ఏ పనీ లేకుండా. అప్పు గుర్తొచ్చినప్పుడల్లా చింత, వాన పడితే స్లాబు కారుతుందేమోనని శంక, ఆడపడుచులు వచ్చినప్పుడు గర్వం, కూలిన పెంకుటింటి ముంజూరు మాట ఎత్తితే అత్తమ్మకు స్మృతి. సంచారీ భావాలు ముప్పై మూడని లెక్క చెప్పారు. ఆ ఇంట్లో ఒక్క రోజులో సగం తిరిగి పోయేవి. ఇప్పుడు ఆమె ముఖంలో ఉన్నది వాటిలో ఏదీ కాదు, ఒక్క ధృతి తప్ప. దొరికినదాన్ని అనుభవించడం, దొరకనిదాని కోసం, పోయినదాని కోసం వగచకపోవడం ధృతికి గుర్తులని భరతుడే చెప్పాడు. ఆయన దాన్ని వచ్చిపోయే భావాల్లో వేశాడు. సొంతిల్లు ధృతిని స్థాయీభావం చేస్తుందని నా వాదం. కిరాయి ఇంట్లో ఆ భావం రాదని కాదు, పదకొండు నెలల అగ్రిమెంటు దాన్ని కుదురుగా కూర్చోనివ్వదు.

ఇంటి ముందు గోడ రంగుల మీద మాత్రం నాకు పేచీ ఉంది. ఫోన్‌లో బొమ్మ చూసి వేయించిన చిలకపచ్చ, నారింజ. సున్నం వేసి, కింద జాజు పట్టీ లాగితే ఎంత బాగుండేదన్నాను. "సున్నం ముడితే చేతికంటుతది చిన్నాయినా, పిల్లలు ఆగుతరా" అన్నది. జవాబు లేక ఊరుకున్నాను. నా సౌందర్యదృష్టికి ఆ పిల్లల బట్టలు ఉతికే బాధ్యత లేదు మరి.

స్లాబు మీద మళ్లు ఆరిపోయి గట్లు చెక్కేశారు. పిల్లర్ల చువ్వలు మాత్రం మూరెడు మూరెడు పైకి వదిలేసి ఉన్నాయి, తుప్పు పట్టకుండా సిమెంటు నీళ్లు పూసి. పట్నం వాస్తుశిల్పులకు ఇవి అనాకారం. నాకు అవి చూస్తే ముచ్చటేసింది. కావ్యం రాసి ఉత్తరభాగం రాస్తానని ముందే మాటిచ్చినవాడి ధీమా ఉంది వాటిలో. పై అంతస్తు ఎప్పుడని అల్లుడిని అడిగితే, "ముందు బ్యాంకుల పెట్టిన బంగారం విడిపియ్యాలె మామా, తర్వాత సంగతి" అన్నాడు. బిడ్డ మాత్రం అప్పటికే ఆ చువ్వలకు అటూ ఇటూ దండెం కట్టి పిల్లల బడి బట్టలు ఆరేసింది. అంతస్తు వచ్చినప్పుడు దండెం ఎక్కడికి మార్చాలో కూడా ఆమెకు తెలుసు; చోటు చూపించింది.