అద్దంకి పూరణం

ఇద్దరి మధ్య వైరం ఉందని చెప్పడానికి తెలుగువారు ‘వాళ్లకు మాటల్లేవు’ అంటారు, అది తీరిందని చెప్పడానికి ‘మాట కలిపారు’ అంటారు. పగ మాట ఆగిపోవడంలోనే మొదలవుతుందని, దానికి మందు కూడా మాటలోనే ఉందని ఈ భాష ఎంతో కాలంగా ఎరిగినదే. అయితే కలిపిన మాట మర్నాటికి చెదిరిపోకుండా నిలవాలంటే దానికి రాత తోడు కావాలి, ఆ రాతకు ఒక పద్ధతీ, ఒక వినయమూ కావాలి. ఆ పద్ధతిని పరిశీలించడానికి గుండ్లకమ్మ తీరాన ఉన్న అద్దంకి కంటే తగిన ఊరు తెలుగునేల మీద అరుదు.

అద్దంకిలో దొరికిన పండరంగని శాసనం క్రీ.శ. 848 ప్రాంతానిది, లభించిన తెలుగు పద్యశాసనాల్లో ప్రాచీనమైనదిగా పేరుపొందిన ఈ శాసనం, తూర్పు చాళుక్యరాజైన గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు పన్నెండు బోయకొట్టాలను, అంటే బోయ నాయకుల స్థావరాలను, జయించిన సంగతిని తరువోజ అనే దేశి ఛందస్సులో చెబుతుంది. గెలిచినవాడి పరాక్రమం అందులో ఉంది, ఓడినవారి పక్షం లేదు. రాత ఇక్కడ విజయానికి సాక్షిగా నిలిచిందే కాని రెండు పక్షాల మధ్య వారధి కాలేదు.

సుమారు ఐదు వందల ఏళ్ల తరువాత అదే ఊళ్లో రాత మరో పని చేసింది. 1323లో ఓరుగల్లు పతనమై ఆంధ్రదేశం చిన్న చిన్న ఏలుబడులుగా చీలిపోయినప్పుడు, ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రెడ్డిరాజ్యాన్ని నెలకొల్పాడు. ఆయన ఆస్థానకవి ఎర్రాప్రగడ కాలానికి తెలుగు మహాభారతం నడుమ ఖాళీతో ఉంది: 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ మొదలుపెట్టిన రచన అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో ఆగిపోగా, 13వ శతాబ్దంలో నెల్లూరి తిక్కన ఆ పర్వంలో మిగిలిన భాగాన్ని విడిచి విరాటపర్వం నుంచి చివరి వరకు పూర్తిచేశాడు. శైవ వైష్ణవ వైరాలు ముదిరిన రోజుల్లో శివకేశవుల అభేదాన్ని చాటుతూ తిక్కన తన భారతాన్ని హరిహరనాథునికి అంకితమివ్వడం కూడా చీలికకు రాత చేసిన చికిత్సే.

మిగిలిన ఖాళీని నింపేటప్పుడు ఎర్రన పాటించిన పద్ధతికి పూరణమని పేరు పెట్టుకోవచ్చు. ఆయన నన్నయ శైలిలోనే అందుకుని, క్రమంగా తిక్కన ధోరణికి చేరువవుతూ రెంటికీ అతుకు తెలియకుండా నడిపాడని విమర్శకులు ఏనాటి నుంచో మెచ్చుకుంటున్నారు. అంతకంటే గొప్ప సంగతి, ఆ భాగాన్ని ఆయన తన ప్రభువుకు కాక, నన్నయ కృతిపతి, అంటే కావ్యాన్ని అంకితం పొందినవాడు, అయిన రాజరాజనరేంద్రునికే అంకితంగా ముగించడం. తనకు మూడు శతాబ్దాల ముందటి, మరో వంశానికి చెందిన రాజుకు దక్కవలసినదాన్ని దక్కనిచ్చి, తన స్వరాన్ని తగ్గించుకుని ఎదుటివాడి స్వరంతో పలకడం ఆత్మలోపం కాదు, అది అసాధారణమైన బలం.

ఎర్రన పూరించిన కథాభాగం కూడా ఈ విషయానికి దూరం కాదు. ఘోషయాత్రలో తమను అవమానించడానికే వచ్చిన దుర్యోధనుడు గంధర్వులకు చిక్కితే, ధర్మరాజు తమ్ములను పంపి విడిపిస్తాడు. యక్షప్రశ్నల ఘట్టంలో యక్షుడి ప్రశ్నను లెక్కచేయక నీళ్లు తాగిన నలుగురు తమ్ములూ పడిపోగా, దాహాన్ని ఆపుకుని అడిగినదానికల్లా ఓర్పుగా బదులిచ్చిన ధర్మరాజు వల్ల వారు మళ్లీ లేచారు. ఒక్కరినే బతికించుకోమన్నప్పుడు సవతితల్లి కొడుకైన నకులుణ్ని కోరిన న్యాయబుద్ధే ఆ సంభాషణకు ప్రాణం.

ఆధునిక కాలంలో రాతతో మాట కలిపే ఈ విద్యకు ఉదాహరణ 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక. ఆంధ్రరాష్ట్రం వస్తే కోస్తా జిల్లాలదే పైచేయి అవుతుందని రాయలసీమవాసులు సందేహించినప్పుడు, ‘ఆంధ్రపత్రిక’ స్థాపకుడు కాశీనాథుని నాగేశ్వరరావు మద్రాసు నివాసమైన శ్రీబాగ్‌లో ఉభయప్రాంతాల నాయకులు ఎదురెదురుగా కూర్చుని, విశ్వవిద్యాలయ కేంద్రం, నదీజలాల్లో ప్రాధాన్యం, రాజధాని లేదా హైకోర్టును ఎంచుకునే అవకాశం వంటి షరతులను కాగితం మీద పెట్టారు. రాసినవాటిలో కొంత ఫలించింది: 1953లో కర్నూలు రాజధాని అయింది, ఆ తరువాత హైకోర్టు గుంటూరుకు వచ్చింది. నీటి మాట మాత్రం నేటికీ సీమ గుండెల్లో బాకీగానే ఉంది. 1956లో తెలంగాణకు రక్షణలు హామీ ఇచ్చిన పెద్దమనుషుల ఒప్పందం అమలులో నీరుగారగా 1969లో ఉద్యమం రగిలింది, చివరకు 2014లో రాష్ట్రం విడిపోయింది. రాత అప్పుపత్రం వంటిది. సంతకం దాన్ని పుట్టిస్తుంది, చెల్లింపు మాత్రమే దాన్ని తీరుస్తుంది.

పత్తి, మిర్చి పండే అద్దంకి ప్రాంతపు మైదానాల్లో పార్టీల వారీగా చీలి, ఒకరి శుభకార్యానికి మరొకరు వెళ్లని ఊళ్లకు ఎర్రన పద్ధతి ఇప్పుడు మరింత అవసరం. శాస్త్రగ్రంథాల్లో పూర్వపక్షమనే మర్యాద ఉంది; తన సిద్ధాంతం చెప్పే ముందు ఎదుటివాడి వాదాన్ని అతడే ఒప్పుకునేంత నిండుగా చెప్పడం దాని అర్థం. రచ్చబండ మీద మాట్లాడేవారూ, పత్రికల్లో రాసేవారూ ఆ మర్యాదను తిరిగి అలవరచుకుని, అవతలివారు సగంలో ఆపిన వాక్యాన్ని వెక్కిరింపుతో కాక వారి మనసుతోనే పూర్తిచేయగలిగిన నాడు, ‘మాటల్లేవు’ అన్న ఇళ్ల మధ్య మాట కలుస్తుంది. పండరంగని శాసనంలో కరువైన ఆ రెండో గొంతు, ఎర్రన పూరణంలో అద్దంకికి దక్కింది.