ఆళ్లగడ్డ ఉలికి సాటి ఏది?

నంద్యాల నుంచి కడప రోడ్డు పట్టి శిరివెళ్ల దాటితే ఆళ్లగడ్డ ఎంతో దూరం కాదు. అక్కడ షెడ్ల ముందు సగం చెక్కిన ఆంజనేయులు, నందులు, నాగప్రతిమలు, నాయకుల నిలువెత్తు విగ్రహాలు వరసగా నిలబడి ఉంటాయి. గుడి కట్టాలనుకున్న ఊరి పెద్దలు మొదట తొక్కే గడప ఇక్కడి శిల్పులదే. ఆళ్లగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రావలసిందే!

ఈ విద్య ఇక్కడికి ఎలా వచ్చిందంటే, అహోబిలం గుళ్లు కట్టిన చేతుల వారసత్వమేనని ఇక్కడివారి మాట. దిగువ అహోబిలం మండపాల స్తంభాలు చూసినవారెవరూ ఆ మాట కాదనరు.

మూల విగ్రహానికి కృష్ణశిల కావాలి. శిల్పి ముందుగా రాతిని సుత్తితో తట్టి వింటాడు. గంటలా ఖంగుమంటే పురుషశిల, కంచు తాళంలా మోగితే స్త్రీశిల, నాదమే లేకపోతే నపుంసకశిల. లోపల పగులుంటే ఆ చెవికి ఇట్టే దొరికిపోతుంది. తర్వాత రాయి నడిమధ్యన నిలువుగా సూత్రం గీస్తాడు. నవతాళమనే శిల్పశాస్త్ర కొలతలో మూర్తి మొత్తం 108 అంగుళాలు, అందులో ముఖం 12. నుదుటి మొదలు నుంచి కనుబొమలకు 4, అక్కడి నుంచి ముక్కు కొనకు 4, ముక్కు కొన నుంచి గడ్డానికి 4. ఈ లెక్క తప్పితే ఎంత నగిషీ చెక్కినా ఆ ముఖంలో కళ రాదు.

కానీ లెక్క ఒక్కటే చాలదు. నరసింహుడి ముఖమే చూడండి. ఉగ్రమూర్తికి కోరలు బయటపడాలి, కనుగుడ్లు ఉబికి రావాలి, జూలు నిక్కబొడుచుకోవాలి. అదే సింహం ఒడిలో లక్ష్మీదేవి కూర్చుంటే కోరలు కోరలుగానే ఉండి పెదవి చివర ప్రసన్నత కనిపించాలి. ఆ తేడా అంతా వెంట్రుకవాసి లోతులో ఉంది. అక్కడ ఉలి ఒక్క దెబ్బ ఎక్కువ పడితే, చెక్కిన రాతిని మళ్లీ అతికించే విద్య లోకంలో లేదు. ఆ ఒక్క దెబ్బ దగ్గర ఆగడం తెలిసినవాడే శిల్పి. వాళ్లకు నా వెయ్యి దండాలు.

తెలుగు నేల మీద రాతిపని సత్తా చూడాలంటే హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ణి చూడండి. ఎస్.ఎం. గణపతి స్థపతి ఆధ్వర్యంలో ఏకశిలలో రూపుదిద్దుకున్న ఆ మూర్తి 1992 డిసెంబర్ 1న సాగరం నడుమ నిలిచింది. 2022 మార్చిలో తెరుచుకున్న యాదాద్రి కృష్ణశిల ఆలయంలో ఆళ్లగడ్డ శిల్పుల చేయీ ఉంది. అయినా మనవాళ్లలో కొందరు మహాబలిపురం పేరు చెబితే చాలు, పరుగెత్తుతారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదనుకునే బుద్ధి మనకెప్పుడు పోతుందో!

అంతకన్నా కడుపు మండే సంగతి మరొకటుంది. సిమెంటు, ఫైబర్ బొమ్మలకు నల్లరంగు పూసి రాతి విగ్రహాలని అంటగడుతున్నారు. కంప్యూటర్ మిషన్ ఒకే ముఖాన్ని పది ఊళ్ల అమ్మవార్లకు కోసిపెడుతోంది. పోలేరమ్మకూ పెద్దమ్మకూ తేడా తెలియని విగ్రహం ఏ ఊరిని కాపాడుతుంది? బేరం ఆడి ఆడి శిల్పి కూలిని నేలకు దించింది మనమే. కటింగ్ మిషన్ల దుమ్ము మింగి ఊపిరితిత్తులు పాడుచేసుకునే పనిలోకి, ఆ కూలికి, కొడుకును ఏ తండ్రి దింపుతాడు?

అయ్యా, గుడి కట్టే పెద్దలారా! చందాలు పోగయ్యాక ముందు రంగులకూ లైట్లకూ కాదు, మూలమూర్తికి డబ్బు తీసి పక్కన పెట్టండి. షెడ్డుకు వెళ్లి మీ దేవుడి ధ్యానశ్లోకం చెప్పి, ఆ ప్రకారమే చెక్కమని అడగండి. చెక్కినంత కాలం గడువిచ్చి, అడిగిన కూలి ఇవ్వండి. ప్రభుత్వం దేవాదాయ శాఖ పనుల్లో ఇక్కడి శిల్పులకు మొదటి పిలుపు ఇవ్వాలి. 1960లో తిరుపతిలో దేవస్థానం శిల్ప కళాశాల పెట్టినట్టు, ఆళ్లగడ్డలోనూ ఒక శిల్ప పాఠశాల పెట్టి ఈ పెద్దల చేతనే పాఠం చెప్పించాలి. ఈ ఉలి పట్టే చేతులు ఉండగానే ఆ పని జరగాలి.