గడప దగ్గరే ఆగిన కిన్నెర

‘భీమ్లా నాయక్’ సినిమా టైటిల్ పాట 2021 సెప్టెంబరు 2న వచ్చింది. రాసింది రామజోగయ్య శాస్త్రి, స్వరపరిచింది తమన్. కానీ పాట మొదలయ్యేది దర్శనం మొగులయ్య గొంతుతో. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన ఈ డక్కలి కళాకారుడు పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ మియాసాబ్, పండుగ సాయన్న కథలు పాడుకుంటూ ఊరూరా తిరిగినవారు. లక్షలమంది ఆయన గొంతు మొదటిసారి విన్నది ఈ సినిమా పాటలోనే.

ఆయన పాడిన ఆ కొద్ది భాగంలో ఉన్నది వంశం చెప్పడం. కథానాయకుడి పెద్దల పేర్లు ఒక్కొక్కటే ఎత్తుతారు. గొంతులో నునుపు లేదు, బరువుంది. ఈ పద్ధతి మనకు కొత్త కాదు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో ప్రధాన్లు కిక్రి వాయిస్తూ పెర్సపేన్ కథలు చెప్పేదీ ఇట్లనే. నాలుగు దేవతల సగ నుంచి ఏడు దేవతల సగ దాకా ఎవరి మూలకథ వారిది. అయితే ఒక తేడా ఉంది. సినిమాలో చెప్పిన వంశం కల్పితం. ప్రధాన్ చెప్పే వంశం ఎదుట కూర్చొని వినేవాళ్లది. పేరు తప్పితే అక్కడే దిద్దే పెద్దలుంటారు.

మొగులయ్య భాగం ముగియగానే పెద్ద వాద్యాలు, వేరే గొంతులు అందుకుంటాయి. పాటలో ఊపుంది, కాదనం. కానీ కిన్నెర గడప దగ్గరే ఆగిపోయింది. కథకుడు ఊపిరి తీసుకొని అసలు కథలోకి దిగే చోట ఆయన్ను ఆపేశారు.

డక్కలివారికి మాదిగలు, ప్రధాన్లకు గోండులు దాతలు. దాత ఏటా పిలుస్తాడు, మొత్తం వింటాడు. సినిమా ఒక్కసారి పిలిచే దాత. మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపనికి పోతున్నారని వార్తలొచ్చాయి. పాటకు వచ్చిన పేరు పాడినవారి ఇంట్లో పొయ్యి వెలిగించలేదు.

గొంతు రికార్డు కాకపోతే ఏం మిగులుతుందో అమెరికా కంట్రీ సంగీతం చెబుతుంది. హాంక్ విలియమ్స్ పేరు ఆ దేశమంతా తెలుసు. ఆయనకు చిన్నప్పుడు సంగీతం నేర్పిన నల్లజాతి వీధి గాయకుడు రూఫస్ పేన్ పాట ఒక్క రికార్డులోనూ లేదు.

మొగులయ్యకు దక్కవలసింది ఒక పూర్తి ఆల్బం: ఒక్క కిన్నెర, ఒక్క గొంతు, మొదటి నుంచి చివరిదాకా ఒక కథ. మన కిక్రి కళాకారులకూ అదే దక్కాలి. అందుకు సినిమావాళ్ల కోసం ఎదురుచూడనక్కర లేదు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఫోన్ తీసే ముందు పెద్దలను అడగండి. కొన్ని పాటలు దేవుడి ముందే ఉండాలి. ఒప్పుకున్నవి మాత్రం ముక్కలు చేయకుండా పూర్తిగా రికార్డు చేయండి. పాడినవారి పేరు, ఊరు, భాష రాసిపెట్టండి. కరీంనగర్, ఆదిలాబాద్ బడుల్లోని సార్లు, మేడంలు వాటిని తరగతిలో వినిపించాలి. వీలైతే పాడినవారినే బడికి పిలిచి, వచ్చినందుకు ఆ రోజు కూలి చేతిలో పెట్టి పంపాలి.