నక్షాలో మా జాగా

పాఠ్యపుస్తకాల మీద మనవాళ్ల విమర్శ చరిత్ర దగ్గర మొదలై చరిత్ర దగ్గరే ఆగిపోతుంది. ఔరంగజేబును ఎట్లా రాశారు, రజాకార్లను ఎట్లా రాశారు, పోలీసు చర్యను ఎన్ని వాక్యాల్లో ముగించారు. ఈ లెక్కలు తీయాల్సిందే. కాని పక్కనే ఉన్న భూగోళ పాఠాన్ని ఎవరూ ముట్టుకోరు. కొండకు, నదికి, గాలికి మతమేమిటి, కులమేమిటి అనుకుంటారు. సరే. మరి "పాకిస్తాన్ పోండి" అనే మాట ఏ సబ్జెక్టు కిందికి వస్తుంది? ఎవరు ఏ నేలకు చెందుతారన్నది భూగోళం ప్రశ్న. ఆ మాట మొదటిసారి చెవిన పడేది కూడా హైస్కూలు వయసులోనే. దానికి జవాబు దొరకాల్సిన పాఠంలో ఏముందో చూడాలి కదా.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పిల్లల సంగతే తీసుకుందాం. 2016 అక్టోబర్ 11 దాకా ఈ మూడూ వరంగల్ జిల్లాలోనివే. ఆ రోజు తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. ఖమ్మంలో ఉన్న బయ్యారం, గార్ల మహబూబాబాద్‌లో కలిశాయి. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. ఊరు కదల్లేదు, వాగు కదల్లేదు, గీత కదిలింది. హద్దులు మనుషులు గీసేవని, మనుషులే మారుస్తారని ఈ పిల్లలు కళ్లారా చూశారు. అంత పెద్ద పాఠం వాకిట్లోకి వచ్చినా, పరీక్షలో పటం ఇచ్చి అడిగేది మాత్రం హిమాలయాలు ఎక్కడ, ఛోటానాగపూర్ పీఠభూమి ఎక్కడ అనే.

పదో తరగతికి 2014లో వచ్చిన సాంఘిక శాస్త్ర పుస్తకం పాతవాటికన్నా ఎంతో మేలు. భూగోళాన్ని, ఆర్థికాన్ని కలిపి "వనరుల అభివృద్ధి, సమానత" అని పేరు పెట్టింది. పేరులోనే సమానత ఉంది. వలసల మీద పాఠం ఉంది. నీటి వనరుల పాఠంలో తుంగభద్ర పరీవాహక ప్రాంతం ఉంది, మహారాష్ట్రలో నీళ్లను కాపాడుకున్న హివారె బజార్ ఉంది. మంచిదే. హివారె బజార్ చదివిన పిల్ల గణపురం చెరువు గట్టెక్కి అదే ప్రశ్న అడగాలి. నీళ్లు ఎవరివి, తూము ఎవరి చేతిలో ఉంది, మత్తడి దూకితే ఎవరి చేను మునుగుతుంది? ఆ చెరువు కాకతీయుల కాలం నాటిది. నీళ్లు తగ్గినప్పుడు బయటపడే చెరువు లోపలి నేలను శిఖం అంటాం. శికమ్ అంటే ఫార్సీలో కడుపు. కాకతీయులు తవ్వించిన చెరువు కడుపుకు ఫార్సీ పేరు అంటుకుని ఇన్ని తరాలు గడిచాయి. ఏ రైతూ దాన్ని పరాయి మాట అనుకోలేదు.

మాటల సంగతి ఇంకొంచెం చూద్దాం. హద్దు అరబ్బీ మాట. సరిహద్దు ఫార్సీ సర్‌హద్ నుంచి వచ్చింది. జిల్లా అరబ్బీ. నక్షా అరబ్బీ. ఖరీఫ్ అంటే అరబ్బీలో శరత్కాలం, రబీ అంటే వసంతం. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలు పలికే మాన్‌సూన్ కూడా అరబ్బుల మౌసిమ్ నుంచి పోర్చుగీసు వాళ్ల నోట పడి వచ్చిందే. ఆ గాలుల రాకపోకలు తెలిసి అరబ్బు నావికులు మన పడమటి తీరానికి ఓడలు నడిపారు. మమ్మల్ని సరిహద్దుకు అవతల పొమ్మనేవాళ్లకు ఆ సరిహద్దు అన్న మాట ఎక్కడిదో తెలియదు. తెలంగాణ రైతు మటుకు వానకాలం, యాసంగి అంటాడు. తరాలుగా పుస్తకంలో చదువుకున్న మాటగా చెలామణి అయింది అరబ్బీ, చదువులేని మాటగా మిగిలింది రైతుది. ఇంత వింతను క్లాసులో ఐదు నిమిషాలు మాట్లాడితే చాలు, ఒక సాయిబుల పిల్లాడు, ఒక రైతు పిల్లాడు ఇద్దరూ తలెత్తుకుంటారు.

ఇది మా ఒక్కరి బాధ కాదు. భారత ద్వీపకల్పం గోండ్వానా భూభాగంలోని ముక్క అని పుస్తకం చెబుతుంది. భూపాలపల్లి కింద సింగరేణి తవ్వే బొగ్గు గోండ్వానా శిలల్లోదే. ఆ బొగ్గు మండించే చెల్పూరు థర్మల్ కేంద్రం సామర్థ్యం 1,100 మెగావాట్లు. గోండ్వానా అంటే గోండుల నేల అని, భూగర్భ శాస్త్రం ప్రపంచమంతటా వాడే ఆ పేరు మన ఆదివాసులదని క్లాసులో ఎంతమంది చెబుతారు? పేరు ఖండానికి పోయింది, బొగ్గు బాయిలర్‌కు పోయింది. ఆదివాసి పిల్లకు మాత్రం ఒక మార్కు ప్రశ్న మిగిలింది.

జనగామ దగ్గరికి వస్తే నేలల పాఠం. ఎర్ర చెల్క, నల్ల రేగడి, ఏ నేలలో ఏ పంట అని పట్టిక. కాని ఏ నేల ఎవరి చేతిలో ఉందన్న వరుస ఆ పట్టికలో ఉండదు. ఇదే గడ్డమీద కామారెడ్డిగూడెంలో బందగీ అనే పేద ముస్లిం రైతు తన భూమి కోసం కోర్టుకెక్కి పోరాడి, 1940ల మొదట్లో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో చచ్చిపోయాడు. నిజాం రాజ్యంలో ముస్లింలంతా దొరలే అనుకునేవాళ్లకు ఆ సమాధే జవాబు. నేలను రంగుతో వర్ణించి హక్కును వదిలేసిన పాఠం సగం పాఠమే.

ఇక మహబూబాబాద్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు అది. జనం నోట్లో మానుకోట. రైలు టికెట్టు మీద ఒకటి, బస్టాండులో పిలుపు ఇంకొకటి. రెండు పేర్లు ఒకదాన్నొకటి తొక్కకుండా బతుకుతున్నాయి. అలహాబాద్ 2018లో పటం మీంచి పోయింది. ఒకప్పుడు మన హైదరాబాద్ రాజ్యంలోనే ఉన్న ఔరంగాబాద్, ఉస్మానాబాద్ 2023లో పేర్లు మార్చుకున్నాయి. పేరు చెరిపితే మనిషి జాగా కూడా చెరుగుతుందన్న ఆశ దాని వెనక ఉంది. మానుకోట జనానికి అటువంటి ఆత్రం లేదు. ఈ ఓర్పు కూడా భూగోళమే, నేర్పాల్సిన భూగోళం.

సెక్యులర్ మిత్రులు అడగొచ్చు, భూగోళంలోకి కూడా మతాన్ని తెస్తారా అని. తేవడం లేదు. పిల్లలు ఇంట్లో రోజూ చేసే భూగోళాన్ని బడిలోకి రానివ్వమంటున్నాం. రేఖాంశానికి నాలుగు నిమిషాల లెక్క ఎంత చెప్పినా తలకెక్కదు. మసీదు గోడమీద రంజాన్ టైంటేబుల్ చూపండి. మహబూబాబాద్ దాదాపు 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, జనగామ 79కి కొంచెం తూర్పున. అందుకే మహబూబాబాద్‌లో జనగామ కన్నా మూడు నిమిషాల ముందు పొద్దుగూకుతుంది, రోజా విప్పుతారు. చాంద్రమాన సంవత్సరం పదకొండు రోజులు పొట్టిది కనుక రంజాన్ దాదాపు 33 ఏళ్లలో అన్ని కాలాలూ చుట్టివస్తుంది. కిబ్లా సరిగ్గా పడమర కాదు, పడమర నుంచి పదకొండు పన్నెండు డిగ్రీలు ఉత్తరానికి. భూమి గుండ్రం కాకపోతే ఆ కోణం రాదు. ఈ లెక్కలు హిందూ పిల్లలకూ అంతే పనికొస్తాయి. అధికమాసం ఎందుకొస్తుందో కూడా అక్కడే తెలుస్తుంది.

మా లోపలి మాట కూడా చెప్పాలి. మన పెద్దలు పిల్లలకు మక్కా దిక్కు చూపిస్తారు, తాము పుట్టిన నేల దిక్కు చూపించరు. అరేబియా ఎడారి గురించి చెప్పే తక్రీరులో పాకాల చెరువు రాదు. దూదేకుల వాళ్లు ఏకిన పత్తి ఏ నేలలో పండిందో రాదు. మా నమాజు దిక్కు పడమరైతే కావచ్చు, మా కాళ్ల కింద ఉన్నది మాత్రం తెలంగాణ. దీన్ని మన ఇళ్లలో చెప్పకుండా బడిని మాత్రమే నిలదీస్తే సగం న్యాయమే.

మాకు ప్రత్యేక పాఠం అక్కర్లేదు. ముస్లింల భూగోళం అని ఒక పెట్టెలో నాలుగు లైన్లు రాసి చేతులు దులుపుకోవద్దు. ప్రతి హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలు ఏడాదికి ఒకసారి తమ ఊరి నక్షా తామే గీయాలి. చెరువు, శిఖం, గుడి, మసీదు, పీరీల కొట్టం, తండా, గూడెం, గని, శ్మశానం, ఖబరస్తాన్, అన్నీ. ఏ వాడకు నల్లా ఉంది, ఏ వాడకు లేదు అన్నది కూడా. దానికి మార్కులు ఇవ్వాలి. హిమాలయాలను గుర్తుపట్టినందుకు ఇచ్చినన్ని మార్కులు చాలు.