నిర్జనమన్న లోయ, అప్పటికే ఉన్న దారి: ‘డెజర్ట్ సాలిటేర్’ పునఃపఠనం

ప్రస్తావన

ఎడ్వర్డ్ ఆబీ (1927–1989) రచించిన ‘డెజర్ట్ సాలిటేర్’ 1968లో వెలువడింది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో, మోఆబ్ పట్టణం దగ్గరి ఆర్చెస్ రక్షిత ప్రాంతంలో 1956, 1957 సంవత్సరాలలో ఆయన తాత్కాలిక రేంజరుగా పనిచేశారు. గ్రంథానికి మూలం ప్రధానంగా ఆ అనుభవమే. పర్యావరణ విమర్శ చదివే విద్యార్థులకు ఈ పుస్తకం సాధారణంగా ఏకాంత కావ్యంగా పరిచయమవుతుంది: ఎడారి, ఎర్రరాయి, ఒంటరి మనిషి. ఈ వ్యాసం ఆ మూడవ అంశాన్ని ప్రశ్నిస్తుంది. పరిశీలనకు ముఖ్యంగా తీసుకున్నది ‘డౌన్ ది రివర్’ అధ్యాయం. 1959లో ఒక మిత్రుడితో కలిసి రబ్బరు పడవలలో కొలరాడో నదిపై గ్లెన్ కాన్యన్ గుండా సాగుతూ, మధ్యమధ్య పక్కలోయలలోకి కాలినడకన వెళ్ళిన వృత్తాంతమది. నాలుగేళ్ళకు, 1963 మార్చిలో, ఆనకట్ట తలుపులు మూశారు. ఆ తరువాత ఆయన నడిచిన నేలలో చాలా భాగం పావెల్ జలాశయం కిందికి పోయింది.

కాన్యన్ అన్న మాటకు ‘లోయ’ చాలదు. లోయ అంటే మనకు ఇరువైపులా వాలిన కొండలు, నడుమ పచ్చిక స్ఫురిస్తాయి. పెన్న కొండను కోసుకుని పారిన చోటును మనవాళ్ళు గండి అన్నారు. గండికోట పేరులో ఉన్నది అదే. అక్కడి రాయి వేరు, వాన వేరు. అయినా నిట్టనిలువు గోడల నడుమ నీరు కోసిన సందు అన్న భావం ఆ మాటలోనే ఉంది. వాడుకను బట్టి ఇక్కడ కాన్యన్ అనే అంటున్నాను.

రాయి నడిపించే నడక

గ్లెన్ కాన్యన్ గోడలలో ఎక్కువగా కనిపించేది నవహో ఇసుకరాయి. జురాసిక్ యుగపు ఇసుకదిబ్బలు గట్టిపడి ఏర్పడిన రాయి అది. వాననీరు దానిలోకి ఇంకి నెమ్మదిగా దిగుతుంది. అడుగున ఉన్న కయెంటా పొర నీటిని అంత తేలికగా పోనివ్వదు. అందుచేత రెండు పొరలు కలిసే గీత వెంబడి నీరు ఊరుతుంది, ఆ తడిలో నాచూ ఫెర్న్ మొక్కలూ వేలాడుతూ పెరుగుతాయి. ఎండిన లోయలో నడిచేవాడికి ఇది భూగర్భశాస్త్ర పాఠం కాదు, ప్రాణావసరం. గోడ మీద ఆకుపచ్చ చార ఎక్కడ కనబడితే అటు నడవాలి. దానికి ఎదురైనది మరొకటి ఉంది: తలపై ఆకాశం నిర్మలంగా ఉండగానే, ఎక్కడో మైళ్ళ దూరంలో కురిసిన వాన బురదగోడలా సందులోకి దూసుకురావచ్చు. ‘వాటర్’ అనే అధ్యాయంలో ఆబీ ఊటలను, ఊబిని, మెరుపు వరదను వర్ణించిన తీరు ఈ గ్రంథంలోకెల్లా ఉత్తమమైన వచనమని నా అభిప్రాయం. తత్త్వం మాట్లాడినప్పటి కంటే దాహం గురించి మాట్లాడినప్పుడు ఆయన ఎక్కువ నమ్మదగిన రచయిత.

నడక ఆయన కథనాన్ని కూడా మలిచింది. మెలికలు తిరిగే కాన్యన్‌లో చూపు తరువాతి మలుపు దాకానే. దాని అవతల ఏముందో పాఠకునికీ తెలియదు. కనుక ఆయన కథనం ముందుగా దృశ్యం పరచి చూపదు. అడుగు అడుగుకూ వస్తువులను పేర్చుకుంటూ పోతుంది: చెట్టు పేరు, పక్షి పేరు, పాదం కింది ఇసుక తడి. ఇంత నిశితమైన నడకలో మనుషులు మాత్రం ఎందుకు తక్కువ? ఇక్కడ ఒక జీవితచరిత్రాంశం గుర్తుచేయాలి. ఆర్చెస్‌లో ఆబీ భార్య, పసివాడైన కొడుకు కొంతకాలం ఆయనతో ఉన్నారు. పుస్తకంలో వారు లేరు. వేర్వేరు వేసవులు ఒకే ఋతువుగా కుదించబడ్డాయి. దీన్ని అబద్ధమని నిందించనక్కరలేదు, రచయితకు ఆ స్వేచ్ఛ ఉంటుంది. కాని ఈ పుస్తకంలోని ఏకాంతం స్థలంలో దొరికినది కాదని, రచనలో నిర్మితమైనదని అది చెబుతుంది.

దారి ఎవరిది?

ఆబీ ఒంటరిగా నడిచిన నడకలలో ఒకటి నది ఒడ్డు నుంచి పక్కలోయ గుండా రెయిన్‌బో బ్రిడ్జి వరకు సాగినది. అది సుమారు 290 అడుగుల ఎత్తున్న సహజ ఇసుకరాతి వంతెన. ‘కనుగొన్న’ తేదీగా చరిత్రలు చెప్పేది 1909 ఆగస్టు 14. కనుగొన్నవారుగా నమోదైనది ఆచార్యుడు బైరన్ కమింగ్స్, సర్వేయరు విలియం డగ్లస్‌ల బృందం. ఆ బృందానికి దారి చూపిన నాస్జా బెగే పాయూట్, జిమ్ మైక్ యూట్. దారి చూపేవాడు ఉన్న చోటును కనుగొనడం ఏమిటన్న ప్రశ్న ఆనాడు అంతగా వినబడలేదు. 1910లో అధ్యక్షుడు టాఫ్ట్ దానిని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

మన యాత్రారచనలో ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ను పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 1830లో చెన్నపట్నం నుంచి బయలుదేరిన ఆయన వెంట పెద్ద పరివారం ఉంది, రచనలోనూ ఉంది. మజిలీల మధ్య దూరం, బావి, అంగడి, దిగడానికి వసతి అన్నీ రాసిపెట్టారు, వెనుక వచ్చేవారికి పనికిరావాలని. ఆబీ పీఠికలో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన మాట ఉంది: పుస్తకం చదివి ఇక్కడికి పరుగెత్తి రావద్దని, చెప్పినదంతా పోయింది లేదా పోతోందని. ఈ వారింపు వెనుక వేదన నిజమే. అయితే దారి అంటే ముందు నడిచినవారి జ్ఞాపకమన్న స్పృహ వీరాస్వామయ్యలో సహజంగా ఉన్నంతగా ఆబీలో లేదు.

పూర్తిగా లేదనడం అన్యాయం. పక్కలోయలలో శిథిల నివాసాలు, రాతి మీది బొమ్మలు ఆయనకు ఎదురయ్యాయి. వాటి ముందు ఆగి ఆలోచించారు. ‘కౌబాయ్స్ అండ్ ఇండియన్స్’ రెండవ భాగంలో నవహోల పేదరికం గురించి, జనాభా గురించి సుదీర్ఘంగా చర్చించారు. నన్ను ఆపినది ఈ పంపకమే. గతించిన జనం కాన్యన్‌లో కళాకారులుగా కనిపిస్తారు. బతికున్న జనం వేరే అధ్యాయంలో సామాజిక సమస్యగా కనిపిస్తారు. నడిచే దారిలో ఇద్దరూ కలవరు.

నిర్జనతకు ఇద్దరు వారసులు

ఎలియట్ పోర్టర్ గ్లెన్ కాన్యన్ ఛాయాచిత్రాలను సియెర్రా క్లబ్ 1963లో ప్రచురించింది. ఎవరికీ తెలియని చోటు అన్నది ఆ పుస్తకం శీర్షిక భావం. అది ఆనకట్టను నిరసించిన పుస్తకం. కాని 1957–1963 మధ్య ముంపుకు ముందు జరిపిన పురావస్తు సర్వేలో 2000కు పైగా స్థలాలు నమోదయ్యాయి. నదికి ఒక పక్క నవహో భూమి. ‘ఎవరికీ’ అన్న మాటలో ఎవరెవరు లెక్కకు రాలేదో స్పష్టమే. లోయను ముంచినవారు, లోయ కోసం ఏడ్చినవారు ఇద్దరూ అక్కడ మనుషులు లేరన్న ఊహనే పంచుకున్నారు. తెలుగు పాఠకునికి ఇది వింతగా తోచాలి: ‘ముంపు’ అనగానే మనకు ముందు ఊరు గుర్తొస్తుంది, తరువాతే నీరు.

ఈ ఊహకు ఫలితాలు కాగితాల మీద ఆగలేదు. జలాశయపు నీరు వంతెన కిందికి చేరి తమ పవిత్ర స్థలాలను ముంచిందని, పడవలలో వచ్చే యాత్రికుల వల్ల పూజలకు భంగం కలుగుతోందని నవహోలు 1974లో న్యాయస్థానానికి వెళ్ళారు. 1980లో అప్పీలు కోర్టు వారి వాదనను తిరస్కరించింది. నీటి నిల్వ, విద్యుత్తు అనే ప్రజాప్రయోజనం వైపే మొగ్గింది. ఆబీ పుస్తకానికి ఆ తీర్పుతో సంబంధం లేదు. కాని ఆ ప్రజలలో నవహోలను లెక్కించని అలవాటు, ఎంతో ప్రేమతో రాసిన ప్రకృతి వచనంలోనూ పెరిగిందని గుర్తించకుండా ఈ గ్రంథాన్ని బోధించడం కష్టం.

2000 తరువాతి కరవులలో జలాశయం బాగా తగ్గింది. మునిగిన పక్కలోయలు కొన్ని మళ్ళీ బయటపడుతున్నాయి, మేటవేసిన మట్టిలో విల్లో మొలకలు లేస్తున్నాయి. రెయిన్‌బో బ్రిడ్జి వద్ద, దాన్ని పవిత్రంగా భావించే తెగల పట్ల గౌరవంగా వంతెన కిందుగా నడవవద్దని జాతీయ ఉద్యానవన సంస్థ సందర్శకులను కోరుతోంది. తేలిన ఆ లోయలలో నడిచి రాసేవారు ఆ విజ్ఞప్తిని ఎక్కడ పెడతారు, వచనంలోనా, అథోజ్ఞాపికలోనా అన్నది ఇకపై చూడవలసి ఉంది.