వకుళ విన్న కథ

తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి కూర్చున్న ఆడవాళ్లు ముందు ఊరడుగుతారు, తర్వాత పిల్లలెంతమందని అడుగుతారు. ఇక కాన్పు కథలు మొదలు. ఎవరికి ఎన్ని రోజులు నొప్పులొచ్చాయి, ఎవరికి ఆపరేషనయింది, బాలింత పథ్యం ఎవరు వండిపెట్టారు. కొన్నేళ్ల కిందట ఆ గుంపులో నేను నోరు విప్పకుండా కూర్చున్నాను. అయిదో నెలలో గర్భం పోయి అప్పటికి ఏడాది. "నీకెంతమందిమ్మా బిడ్డలు?" అంది పక్కనున్న పెద్దావిడ. లేరన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు జాలిపడ్డారు, మొక్కుకోమన్నారు. ఆవిడ మాత్రం కాసేపాగి, నాకొక్కదానికే వినపడేలా, "నాకూ ఒకటి పుట్టీపుట్టగానే పొయ్యిందిమ్మా. నలభై ఏండ్లయింది. ఎవురూ దాని మాటెత్తరు" అంది. అప్పుడు నేనూ చెప్పగలిగాను.

మాతృత్వ అనుభవాలు పంచుకుంటే ఎదుటివారిలో కరుణ పుడుతుందంటాం. ఏ అనుభవాలు పంచుకుంటే అన్నదే నా అనుమానం. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' కవిత, 1993 నాటి 'నీలిమేఘాలు' సంకలనం చదివి మాలాంటివాళ్లం ప్రసవ వేదన గురించి సిగ్గుపడకుండా మాట్లాడటం నేర్చుకున్నాం. ఆ రుణం తక్కువది కాదు. పోయిన గర్భాల గురించి స్త్రీవాద కవిత్వం అసలు మాట్లాడలేదనీ అనను, పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' ఉండనే ఉంది. అయినా మన సభల్లో ఎవరైనా "ఒక తల్లిగా చెబుతున్నాను" అని మొదలుపెట్టగానే కొందరు తలదించుకోవడం నేను చూశాను. కన్న అనుభవం అధికారంగా మారినచోట వినేవాళ్లకు చోటుండదు.

కొండమీది కథ ఇంకోలా ఉంది. వేంకటాచల మాహాత్మ్యంలో వకుళమాలిక శ్రీనివాసుణ్ణి కన్నది కాదు. దెబ్బ తగిలి వచ్చినవాడికి సేవ చేసింది, అన్నం పెట్టింది, అతని మనసులో మాట విని పెళ్లి మాటలకు ఆకాశరాజు దగ్గరికి నడిచింది. పూర్వజన్మలో ఆమె యశోదట, పెంచిన కొడుకు పెళ్లి చూసుకోలేకపోయిన తల్లి. ఆ యశోదా కన్నతల్లి కాదు! తనకు తీరనిది ఒకటుంది గనకే ఎదుటివాడి బాధ ఆమెకు వినపడిందని నేను చదువుకుంటాను.

ఈ మాహాత్మ్యాన్ని తెలుగులో కావ్యంగా రాసిన తరిగొండ వెంగమాంబ బాలవితంతువు, పిల్లలు లేరు. తిరుమలలో రోజూ వేలమందికి భోజనం పెట్టే భవనానికి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రమని పేరు. ఒక కవయిత్రిని గౌరవించాలన్నా ముందు తల్లిని చెయ్యాల్సిందేనా అని ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు చికాకు. ఆ చికాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఆ రోజు దర్శనమయ్యాక పెద్దావిడా నేనూ అక్కడే పక్కపక్కన కూర్చుని తిన్నాం. ఆ బిడ్డకు ఏం పేరు పెట్టాలనుకున్నారని అడిగాను. చెప్పింది.